దండెం

తలా ఒక వంట పట్టుకెళ్ళే పాట్‌లక్‌లో ఎదురింటి రేణు అందట, “తేజేశ్వర్ వాళ్ళకి కరెంటు కట్ చేసినట్టున్నారు పాపం, డెక్ మీద తడిబట్టలు ఆరేసుకుంటున్నారు” అని. ఆ మాట అక్కడున్న నా స్నేహితురాలు మీనా నాకు చేరేసింది, “నేను చెప్పానని అనకే మల్లీ” అంటూ. నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి రాలేదు.

“డ్రయ్యర్ ఉండగా ఇదేం పని? ఇది మీ ఊరనుకున్నావా? అమెరికా! పార్సిప్పనీలో నా పరువు తీశావు” అని చెక్క డెక్ రెయిలింగ్ మీది నా చీర లాగి లోపల పడేశాడు తేజేశ్వర్. బిల్లొచ్చిన రోజు మాత్రం పాట మారుతుంది. “రోజంతా ఇంట్లో ఉండేది నువ్వు, కరెంటు కాల్చేదీ నువ్వే” అంటాడు. ఆయన చొక్కాలు ఉతికినా, పిల్లల మేజోళ్ళు ఆరేసినా, చలికి దోసెల పిండి పులవక అవెన్‌లో పెట్టి లైటేసినా, అదంతా నేను కాల్చిన కరెంటే. అత్తగారు ఫోన్లో, “అక్కడన్నీ మిషన్లే చేస్తాయటగా, నీకేం పనమ్మా” అంటారు. మిషను బట్టలు మడతపెట్టదని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు.

పోయిన పరువు తేవడానికి ఇంటి కప్పు మీద సోలార్ పెట్టిద్దామన్నాడు. ఆఫీసులో కనపడ్డవాళ్ళందర్నీ అడిగాడు. గాలిమరల కరెంటు అమ్మే కంపెనీకి మారమని ఒకరు, రేటు మారని కాంట్రాక్టే మేలని ఇంకొకరు. చివరికి ప్యానెళ్ళు లీజుకి తీసుకుందామని తేల్చాడు. నన్నొక్కదాన్నే అడగలేదు.

శనివారం సేల్స్‌మన్ బ్రయన్ ట్యాబ్లెట్ పట్టుకొచ్చాడు. “మీ ఇంట్లో కరెంటు ఎక్కువ లాగేదేది?” అన్నాడు. మా ఆయన నావంక చూశాడు. తెలియక నావంక చూడటం, పెళ్ళయ్యాక అదే మొదలు.

“ఎండాకాలం ఏసీ. మిగతా రోజులు డ్రయ్యర్” అన్నాను. “డ్రయ్యర్‌కి ఎన్ని ప్యానెళ్ళు కావాలి?”

బ్రయన్ ట్యాబ్లెట్‌లో మా ఇంటి కప్పు బొమ్మ మీద ఒక వరస ప్యానెళ్ళు చూపించాడు. నాకు భలే వింతగా ఉంది. ఎండని కప్పు మీద పట్టుకుని, తీగల్లోంచి బేస్‌మెంట్‌లోని డ్రయ్యర్‌కి దింపి, అక్కడ మళ్ళీ వేడి పుట్టించి, ఆ వేడితో బట్టలు ఆరబెడతారన్నమాట! ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

“నీకెందుకవన్నీ” అన్నాడు ఆయన.

ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టాలన్నాడు బ్రయన్, ఇరవై ఏళ్ళ లీజుకి. ఆయన చకచకా గీకేసి, “ఇక్కడ పెట్టు” అని నాకు వేలు పెట్టి చూపించాడు. ఇల్లు కొన్ననాడు ఆ వేలు ఎక్కడాగితే అక్కడల్లా పెట్టుకుంటూ పోయాను. ఆయన వెంట భార్యగా వచ్చి హెచ్-ఫోర్ వీసా మీదున్నదాన్ని, ఇక్కడి చట్టప్రకారం ఉద్యోగానికి పనికిరాను. అలాంటిది, నేను చెయ్యి కదపకపోతే ఆగిపోయే పని ఒకటి ఈ దేశంలో ఉంది! చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

“ముందు పెరట్లో నాకో దండెం కట్టించండి. సంతకం ఆ తర్వాత.”

ఆయన బ్రయన్ వైపు తిరిగి ఇంగ్లీషులో నవ్వి, నావైపు తిరిగి తెలుగులో పళ్ళు నూరాడు. “నలుగురూ చూస్తే ఏమనుకుంటారే? దరిద్రంగా!”

“అదే ఎండండీ. కప్పు మీద పడితే పరువు, నా చీర మీద పడితే దరిద్రమా?”