ఊటకు దారి చూపిన బోర్డు

నేను ఒక ఫ్లెక్సీ బోర్డుని. ఒళ్లంతా ప్లాస్టిక్. నుదుటి మీద మాత్రం "ప్లాస్టిక్ వద్దు, ప్రకృతే ముద్దు" అని పచ్చటి అక్షరాలు! విశాఖపట్నంలో పుట్టాను. రంగు కంపు పోకముందే చుట్టచుట్టి జీపులో పడేశారు. సిగ్గుపడటానికి కూడా టైమివ్వలేదు.

నన్ను వేయించినవాడు శశికిరణ్. మన్యంలో ఒక రిసార్టుకి ప్రచారం చేసిపెట్టే మనిషి. కాగితం వాడితే చెట్లు పోతాయట, అంతా ఫోన్లోనే జరగాలట. అందుకని నా పొట్ట మీద నల్లగళ్ల క్యూఆర్ కోడ్ వేయించాడు. దానికి ఫోను చూపిస్తే ముందు జలపాతం వీడియో, వెంటనే మ్యాపులో దారి.

గొడవంతా ఆ దారితోనే. జలపాతం లోయలో ఉంది. అక్కడ సిగ్నల్ రాదు. ఈ మహానుభావుడు సిగ్నల్ కోసం కొండెక్కి, ఒక బండ మీద నిలబడి, అక్కడే మ్యాపులో గుర్తు పెట్టేశాడు. ఆ బండ కిందే జామిగెడ్డ ఊరంతా తాగే ఊట. ఊరివాళ్లు చెప్పులు అల్లంత దూరాన విడిచిగాని దాని దగ్గరికి పోరు. నన్ను ఆ ఊటకు కూతవేటు దూరంలో, రోడ్డు మలుపులో పాతారు. ఇక చూడు నా అవస్థ.

శనివారం వచ్చిందంటే కార్లే కార్లు. నాకు ఫోను చూపించడం, బూట్లతో తిన్నగా ఊటలోకి దిగడం. కళ్ల ముందు మోకాలి లోతు నీటిగుంట కనిపిస్తున్నా, జలపాతం ఏదని ఒక్కడూ అడగడు. ఫోను ఇదే అంది కదా, ఇదే! అందులోనే కాళ్లు కడిగి, షాంపూతో తలలు రుద్దుకుని, ప్రకృతి ఒడిలో అంటూ ఫొటో పెట్టి, ఐదు స్టార్లిచ్చి పోయేవాళ్లు. నురగ ఊరికి వదిలేసేవాళ్లు.

ఆ ఊరి ముసలమ్మ కొర్రా సుకిరి బిందెతో వచ్చి రోజూ ఆ నురగ తోసి నీళ్లు ముంచుకునేది. ఆమె మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాక ఇక ఊరుకోలేదు. శశికిరణ్ జీపుకి అడ్డంగా నిలబడింది.

"ఓ బాబూ, ఆ గురుతేటో తీసెయ్యి. మేం తాగీది ఈ నీల్లే."

"గుర్తు మారిస్తే రేటింగంతా పోతుందమ్మా. నాలుగున్నర దాటింది! ఇదంతా మీ ఊరు బాగుపడాలనే కదా?"

"మా ఊరు బాగుపడ్డానికి మా నీల్లల్లో మీవోలు తలలు రుద్దుకోవాలేటి?"

"సరే సరే, మీకు వాటర్ బాటిళ్లు పంపిస్తాలే" అని అతను జీపెక్కాడు. బాటిళ్లు! ప్లాస్టిక్‌వి! నా నుదుటి రాత నేనే చించుకోవాలనిపించింది.

మర్నాడు ఊరంతా వచ్చి నన్ను పీకేసింది. పీకండి, బాగానే ఉంది. కాని గుర్తు నాలో లేదే! ఫోన్లలో ఉంది. ఆ శనివారమూ కార్లు వచ్చాయి. పక్కన పడేసిన నన్ను చూసింది సుకిరి. ఈడ్చుకెళ్లి, బొమ్మ కిందకి తిప్పి, వెదురు బద్దల మీద ఊటకు కప్పులా పరిచింది. నా మీద మట్టి, ఆకులు, కొమ్మలు కప్పింది. పర్యావరణం గురించి ఒక్క ముక్క అనకుండా నేను చేసిన మొదటి పని అదే.

ఇప్పుడు వచ్చినవాళ్లకు ఆకుల కుప్ప, దాని పక్కన చుట్ట కాలుస్తూ సుకిరి కనిపిస్తారు. మొన్న ఒకాయన మండిపడ్డాడు.

"వాటర్‌ఫాల్స్ ఏది?"

"ఇక్కడేటీ నేదు బాబూ."

"ఇంత దూరం వస్తే ఏమీ లేదా? ఒక్క స్టారే ఇస్తాను, చూసుకోండి!"

సుకిరి చుట్ట పక్కన పెట్టి, ఆయన కూర్చోవడానికి రాయి దులిపింది.

"ఇయ్యి నాయనా, ఇయ్యి. కారులో ఉన్నోలందరి సేతా ఇప్పించు."

ముగ్గురు దిగి, తిట్టుకుంటూ ఫోన్లు తీశారు. నా కింద ఊట ఊరుతూనే ఉంది.