పైట కప్పిన బొమ్మ

గోదావరిఖని మెయిన్ చౌరస్తా వెనక సందులో అహల్యకు చిన్న బొమ్మల దుకాణం ఉంది. మంథనిలో డ్రాయింగ్ సారుగా చేసిన తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఎక్కువగా చనిపోయినవాళ్ల పటాలు, రిటైరయ్యే కార్మికులకు తోటివాళ్లు ఇచ్చే బొమ్మలు గీస్తుంది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం రాజకుమారి వచ్చింది. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఇల్లు గని కార్మికులుండే ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో. భర్త ఎల్లేశం బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆమె కొంగు చాటున తెచ్చిన పాత క్యాలెండర్ కాగితాన్ని బల్ల మీద పరిచింది. అందులో ఒకామె స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. జుట్టు విరబోసుకుంది, పైట జారింది, ఒక చెయ్యి తల వెనక పెట్టుకుని ఓరగా చూస్తోంది.

“గిట్ల నన్ను గియ్యాలె చెల్లె. నీతోని అయితదా?”

అహల్య నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

“నేను పెండ్లయి వచ్చిన్నాడు మా ఇంట్ల గోడకు గీ బొమ్మ ఉండె,” అంది రాజకుమారి. “మా ఆయన డ్యూటీ నుంచి రాంగనే దీన్నే చూస్తుండె. నాకు కోపమొచ్చి తీసి పెట్టెల దాసిన. వచ్చే నెల హైదరాబాద్ల ఆపరేషన్. ఒక రొమ్ము తీసేస్తరట. తియ్యకముందు నన్ను నేను ఒక్కపారి గిట్ల చూసుకోవాలె.”

“గీస్త అక్కా,” అంది అహల్య.

ఆమె మూడు మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంది. అహల్య తలుపు దగ్గరికేసి గడియ పెట్టేది. మొదటిరోజు రాజకుమారి సిగ్గుతో పైట వదల్లేదు. రెండోరోజు వదిలింది గానీ మెడ బిగబట్టుకుని కూర్చుంది. మూడోరోజు ఏదో పాత ముచ్చట చెబుతూ పడిపడి నవ్వింది. అహల్య ఆ నవ్వునే పట్టుకుంది.

బొమ్మ పూర్తయ్యాక రాజకుమారి దాన్ని వెలుగులోకి జరిపి చూసుకుంది. తర్వాత, “ఫోన్ల ఫొటో తియ్యకు చెల్లె. ఇదొక్కటే ఉండాలె,” అని చెప్పి, పాత చీరలో చుట్టుకుని షేర్ ఆటో ఎక్కింది.

ఆపరేషన్ అయింది. అయినా జబ్బు ఆగలేదు. దసరా దాటిన వారానికి రాజకుమారి పోయింది.

ఆ సంగతి అహల్యకు ఎల్లేశం చెప్తేనే తెలిసింది. గడ్డం పెరిగిన మనిషి, అదే చీరలో చుట్టిన బొమ్మ పట్టుకుని వచ్చాడు.

“ఎల్లుండి దినాలు. దండ వేసెతందుకు పటం లేదమ్మా. ఫోన్ల ఉన్నయన్ని దవాఖానలయే, జుట్టు లేనియే. దీనికి నిండుగ పైట కప్పుతవా? జుట్టు ముడెయ్యి. చెయ్యి కిందికి దించు.”

“దీన్ని ముట్టద్దన్నా. ముఖం చూసుకుంట వేరేది గీస్త.”

“గా నవ్వు మల్ల వస్తదా?”

అహల్య బొమ్మ అందుకుని బల్ల మీద పెట్టింది.

అతను తల దించుకున్నాడు. “ఇంటికి తెచ్చిన్నాడే నాకు చూపెట్టింది. షిఫ్టు దిగి వచ్చి ఉన్న. సగం విప్పంగనే, ఈ వయసుల ఇదేం పాడు బొమ్మ, ఎవరన్న చూస్తె నవ్వుతరు అన్న. మల్ల చుట్టి బీరువాల పెట్టింది. నేను పూర్తిగ చూసింది మొన్ననే.”

అతను వెళ్లాక అహల్య ఒక ఫొటో తీసి ఉంచుకుందామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. రాజకుమారి మాట గుర్తొచ్చి పక్కన పెట్టేసింది. తెల్లరంగులో ఆకుపచ్చ కలిపి పైట వేసింది. మెడ, భుజం, తల వెనకున్న చెయ్యి ఒక్కొక్కటే పోయాయి. కళ్లు మసకబారినప్పుడల్లా కుంచె దించి కూర్చుంది. సాయంత్రానికి పటంలో పెద్దమనిషి తరహా ఇల్లాలు మిగిలింది. ముఖం ముట్టుకోలేదు గానీ, ఆ నవ్వు ఇప్పుడు ఎవరినో మర్యాదకు పలకరిస్తున్నట్టుంది.

నెలన్నర తర్వాత, డ్యూటీ లేని ఆదివారం ఎల్లేశం ఆ పటంతో మళ్లీ వచ్చాడు.

“పై రంగు తీస్తే కిందిది వస్తదా?”

“రాదన్నా. గీకితే కిందిది గూడ పోతది.”

అతను స్టూలు మీద కూలబడ్డాడు. “గోడ మీద ఎవరో పేరంటానికి వచ్చినామె లెక్క ఉన్నది. మా రాజకుమారి కాదు. నేనే కప్పిచ్చిన.” తల ఎత్తి అడిగాడు. “ఇక్కడ కూసున్నప్పుడు దేనికి నవ్వింది?”

అహల్యకు చెప్పాలనిపించలేదు. కానీ అతను కదలకుండా చూస్తున్నాడు.

“మీ ముచ్చటే చెప్పింది. పెండ్లయిన ఏడు గోదారి ఒడ్డుకు సమ్మక్క జాతరకు పోయిండ్రట. కొత్త చీర తడుస్తదని మీరు ఆమెను ఎత్తుకుని నీళ్లు దాటవోయి, నడుమల ఇద్దరు పడ్డరట. తడిసిన చీరతోనే ఇంటిదాక వచ్చిండ్రట. దారంత మీరు నీళ్లనే తిట్టిండ్రట.”

ఎల్లేశం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అహల్య మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి నిలబడింది.

అతను రెండు గుక్కలు తాగి, “మొదటి లెక్క ఇంకొకటి గియ్యి. ఈసారి ఎవ్వల ఫికర్ లేదు. హాల్లనే పెడత,” అన్నాడు.

అహల్య కొత్త కాగితం పెట్టి పెన్సిల్ తీసింది. ముఖం పటంలోంచి దింపుకుంది. మెడ దగ్గరికి వచ్చాక అడిగింది.

“భుజం మీద పుట్టుమచ్చ ఉండె గద. ఏ దిక్కు గీయమంటరన్నా?”

నిజానికి అహల్యకు గుర్తుంది. అతని నోట వినాలనే అడిగింది.

ఎల్లేశం కళ్లు మూసుకున్నాడు. నుదురు ముడతలు పడింది. తన కుడి భుజం తడుముకున్నాడు, తర్వాత ఎడమది.

“ఇరవై తొమ్మిదేండ్ల కాపురం,” అన్నాడు. “నాకు యాదికస్తలేదు చెల్లె.”

“కుడి భుజం అన్నా.”

“అవునా,” అన్నాడు ఎల్లేశం.

అహల్య అక్కడ చిన్న చుక్క పెట్టింది. అతను లేచి దగ్గరగా వచ్చి, ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాడు.