మనవాళ్ల కెమెరా

వాన రాకముందే నది వాసన వస్తుంది. బురద, తడి ఆకులు, ఇంకేదో... అలబామాలో ఆ నది పక్కన పుట్టినవాళ్లు ఆ ఇంకేదో గురించి అడగరు.

కిటికీ లేని పాత కాగితాల గదిలో కూర్చున్న డెల్ఫీన్‌కి ఆ వాసనే వచ్చింది.

పోలీసులు ఇన్నేళ్లూ దాచిన పెట్టెల్ని ప్రభుత్వం తెరిచింది. ఆమె మేనమామ జొసయ్య కోసం వచ్చింది. 1964లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం ఊరేగిన వారంలోపే అతన్ని ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. తర్వాత నదే తిరిగి ఇచ్చింది.

ఫోటో దొరికింది. చర్చి మెట్ల మీద ఊరంతా. జొసయ్య ముఖం చుట్టూ ఎర్ర పెన్సిల్ సున్నా.

ఆమె చూపు ఆగింది ఆ సున్నా మీద కాదు —

నవ్వు మీద.

అందరూ కెమెరాలోకి చూసి నవ్వుతున్నారు.

ఆ రోజుల్లో పత్రికవాడి కెమెరా కనబడితే చాలు, టోపీలు కళ్ల మీదికి దిగేవి. ముఖం బయటపడితే కూలి పోతుంది, కొంప పోతుంది, మనిషే పోతాడు. తలెత్తి నవ్వేది ఒక్క కెమెరాకే. పెళ్లికీ, బాప్తిస్మానికీ, చావుకీ వచ్చే మనవాళ్ల కెమెరాకి.

ఊరికంతా అలాంటి కెమెరా ఒక్కటే.

నాన్నది.

అదే పెట్టెలో ఇంకో ఫోటో. అంతకు ముప్ఫై ఏళ్ల ముందుది. పత్తి చేల కౌలు రైతులు సంఘం పెట్టుకున్న రోజు. వాళ్లూ తలెత్తి నవ్వుతున్నారు. ఇద్దరి చుట్టూ అదే ఎర్ర సున్నా... అప్పుడు ఆ కెమెరా తాతది.

తాత నుంచి నాన్నకి. నాన్న నుంచి —

"నా చూపు మందగించిందమ్మా. ఈ ఆదివారం తర్వాత కెమెరా నీదే," అన్నాడు నాన్న మొన్ననే. ఎంత మురిసిపోయిందో, పిచ్చిది.

ఫోటోలిమ్మని పోలీసులు భయపెట్టారా? ఆశపెట్టారా? పెట్టెలో ఆ సంగతి లేదు. నాన్నని అడిగితే నాన్న మిగలడు. అమ్మకి చెబితే అమ్మే మిగలదేమో. జొసయ్య ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు.

ఆదివారం. అవే మెట్లు. మబ్బు కమ్మింది. నది మీంచి గాలి తిరిగింది.

"ఓ లూయెల్లా పిన్నీ, కాస్త జరుగు! నీ వెనకాల చర్చి కనబడి చావట్లేదు!" నాన్న కేకేశాడు. అందరూ పగలబడి నవ్వారు. "ఇటు చూడండర్రా... మనలో మనకి సిగ్గేంటి?"

ముఖాలన్నీ లేచాయి.

డెల్ఫీన్ తల దించుకుంది.

"ఏంటే అమ్మాయ్, తలెత్తు!"

ఎత్తలేదు. ఓరగా చూస్తే, పక్కనే అమ్మ. ఆదివారపు పెద్ద టోపీ కళ్ల మీదికి దిగి ఉంది. ఇంట్లో ఏ ఫోటోలోనైనా అమ్మది టోపీయే, ముఖం ఉండదు. ఫోటో అంటే అంత సిగ్గేంటని ఇంటిల్లిపాదీ ఏడిపించేవాళ్లు. డెల్ఫీన్ కూడా ఏడిపించింది.

అమ్మ చెయ్యి వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"నీకిప్పుడు తెలిసిందా తల్లీ," అంది అమ్మ, పెదవి కదలనీయకుండా. "కదలకు. మనల్నే చూస్తున్నాడు."