ఓడ తలుపు మూసినదెవరు

కృపావతికి ఆ సాయంత్రం బైబిలు తెరవాలంటేనే ఒళ్లు బరువెక్కింది. బందరు నుంచి బస్సులో వచ్చి, దివిసీమలో ఉప్పెనకి ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల పాకల్లో ఆడవాళ్లకి వారం వారం కథ చదవడం ఆవిడ ఉద్యోగం. ఉప్పెన వచ్చి ఎనిమిది నెలలు. వినేవాళ్లంతా సముద్రం మీద బతికే కుటుంబాలవాళ్లు. బైబిల్లో దేవుడు యెహోవా గురించి వాళ్లు పురాణంలో పాత్ర గురించి విన్నట్టే వింటారు, మెచ్చుకుంటారు, మొహమాటం లేకుండా తిడతారు. "ఈయనది మా మావగారి కోపమేనండీ, ఇల్లు పీకి పందిరేసి ఆనక కూర్చుని ఏడుస్తాడు" అని అంకమ్మ అన్ననాడు కృపావతికీ నవ్వాగలేదు.

ఆ అంకమ్మే ఇవాళ పట్టుబట్టింది. "అమ్మగారూ, పడవ కథొకటుందంట గదా. అదొక్కటీ దాటేస్తారేంటండీ?"

ఎందుకు దాటేస్తుందో అంకమ్మకి తెలియదా! ఉప్పెన నాడు ప్రార్థన మందిరం కాపలాదారు జ్ఞానయ్య, లోపలికి చేరినవాళ్లని బతికించడానికి తలుపు గడియ వేశాడు. ఆ తర్వాత బయట నుంచి తలుపు బాదారు, పేరు పెట్టి పిలిచారు. తీస్తే అందరూ పోతారు. తియ్యలేదు. బయట పోయినవాళ్లలో అంకమ్మ మొగుడు బంగార్రాజు ఒకడు. అంకమ్మ లోపల ఉంది.

జ్ఞానయ్య కృపావతికి సొంత అన్న. పాకల్లో ఎవరూ ఆయనతో మాట్లాడరు. ఈమధ్య గంజి కూడా ముట్టడం లేదు, ఇలాగే ఉంటే దక్కడని కాంపౌండరు మొహం మీదే చెప్పేశాడు. కృపావతి క్యారేజీ తెస్తుంది, బతిమాలుతుంది, నిండు క్యారేజీతోనే తిరిగి బస్సెక్కుతుంది. ఎన్నాళ్లని? ఇవాళా ఆయన, కథ చదివే పాక బయటే గుంజకి జారగిలబడి ఉన్నాడు.

సరే, కానీ అనుకుని చదివింది. దేవుడు మనుషుల్ని చేసినందుకు నొచ్చుకోవడం, లోకాన్ని నీటితో ముంచేస్తానని ముసలి నోవహుకి ఓడ కొలతలు చెప్పడం దాకా బాగానే సాగింది.

"తెడ్డు లేదు, చుక్కాని లేదు, అదేం పడవండీ?" అంది ఒకావిడ. "ఈ దేవుడెప్పుడూ చేపల వేటకెళ్లలేదు!"

అందరూ నవ్వారు. కృపావతి చదువుకుంటూ పోయింది. అందరూ ఓడెక్కాక దేవుడే తలుపు మూశాడు.

"ఆగండాగండి" అంది అంకమ్మ. "మూసిందెవరు? నోవహు కాదా?"

"కాదు. దేవుడే. అలాగే రాసుంది."

అంకమ్మ ముందుకి జరిగింది. "గట్టోడేనండీ. ముసలాయన్ని మూయమంటే, ఇరుగుపొరుగోళ్లు పేరెట్టి పిలుస్తుంటే తీసేసేవాడు. తియ్యకపోతే బతికినన్నాళ్లూ చచ్చేవాడు. అందుకే ఆ పాపం దేవుడే నెత్తినేసుకున్నాడు." గొంతు పెంచింది. "మరి మా తలుపు దగ్గరికి రాలేదేం? ఆ పని జ్ఞానయ్య మీదకి తోసేసి ఎటు పోయాడండీ?"

చిన్నప్పటి నుంచి చదువుతున్న అధ్యాయమే. ఆ ఒక్క మాట దగ్గర కృపావతి ఏనాడూ ఆగలేదు. ఓదార్పు మాటలు చెప్పీ చెప్పీ అలిసిపోయింది.

"తెలీదు అంకమ్మా. నిజంగా తెలీదు" అంది, ఏడుపు దాచుకోకుండా.

అంకమ్మ లేచింది. కృపావతి పక్కనున్న క్యారేజీ అందుకుని బయటికెళ్లి జ్ఞానయ్య ముందు చతికిలబడింది. అన్నం కలిపింది.

"తిను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ చేత్తోనే మూశాను తల్లీ. బంగార్రాజు గొంతని తెలిసి కూడా తియ్యలేదు."

"నాకూ తెలిసింది" అంది అంకమ్మ. "ఆయన నన్నే పిలిచాడు. నీ పక్కనే ఉన్నాను. ఒళ్లో పిల్ల. తియ్యమని నేననలేదన్నా."

కృపావతి బైబిలు మూసి గుమ్మం దాకా వచ్చింది.

"నువ్వు పోతే, ఆ గొంతు పోల్చుకునీ ఊరుకున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలిపోతాను. అంత మోయలేను నేను. తిను."

జ్ఞానయ్య చెయ్యి చాపాడు. అంకమ్మ అందులో ముద్ద పెట్టింది.