ఎర్ర ఉన్ని కట్టిన గుంజలు

"నా ఎర్ర ఉన్ని ఎవరు తీశారు?" అంటూ మా అత్తగారు ఫోర్తునాతా పొద్దున్నే మొదలుపెట్టింది.

"నేనే నాన్నమ్మా. చేలో గుంజలకి కట్టాను," అంది మా అమ్మాయి ఎదెల్మీరా, సూప్‌లోకి దుంపలు చెక్కు తీస్తూ.

"శాలువా అంచుకని దాచుకున్నానే! గుంజలకి చలేస్తోందా?"

"దూరం నుంచి వరస కనపడాలిగా."

"యూనివర్సిటీలో నేర్పేది ఇదా, ముసలిదాని ఉన్ని ఎత్తుకుపోవడం? ఆ తొక్క చూడు, సగం దుంప పందికే పోతోంది."

ఎదెల్మీరా మా కొండ ఊరికి దగ్గరి పట్నం వాంకవెలికాలో, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదువుతోంది. మా ఎగువ చేలో ఒకే రకం బంగాళాదుంప నాటి, ఒక్కో వరసకి ఒక్కో ఎరువు వేసింది: గొర్రె పెంట, బరువులు మోసే లామాల పెంట, బూడిద, కొన్న ఎరువు. ఏ వరస ఎంత పండిందో తూచి రాస్తేనే పట్టా. పట్టా వస్తే పట్నంలోని విత్తన కేంద్రంలో ఉద్యోగం. ఆగస్టు దాకా ఆమె కోసం ఆపుతామన్నారు.

ఆఖరి పరీక్షకి ఆమె పట్నం బస్సెక్కిన రోజున, నేనూ నా భర్త సతుర్నీనో గొర్రెల సంతకి వెళ్ళాం. దిగువ చేలో దుంప తవ్వడానికి బంధువులు బదులు పనికి వచ్చారు; ఇవాళ వాళ్ళు మాకు చేస్తే, రేపు మేం వాళ్ళకి చేస్తాం. తిరిగొస్తుంటే పొగ మాత్రం ఎగువ చేలోంచి లేస్తోంది.

దిగువ చేను తొందరగా అయిపోయిందట. పిల్ల ఒక్కతే తవ్వుకుంటే నడుం విరుగుతుందని అత్తగారే అందరినీ పైకి తీసుకెళ్ళింది. బదులు పనిలో తవ్విందంతా ఒకే కుప్ప పోస్తాం. వేరువేరుగా పోస్తే, వచ్చినవాళ్ళకి ఇచ్చే వాటాకి నాసివి ముందే ఏరి పెట్టినట్టు ఉంటుంది. అలాగే పోశారు. గుంజలు పీకి, మట్టిగడ్డల పొయ్యి కింద పెట్టి దుంపలు కాల్చారు. వాటిని మంటలో పెట్టే ముందు అత్తగారు కూర్చుని ఉన్ని అంతా విప్పి ఉండ చుట్టింది.

ఎదెల్మీరా బస్సు దిగి నేరుగా చేలోకే వచ్చింది.

"ఇంజనీరమ్మా, నీ గుంజలు భలే మండాయి!" అన్నాడు మా మరిది; వ్యవసాయం చదివినవాళ్ళనీ ఇక్కడ ఇంజనీర్లనే అంటారు. అందరూ నవ్వారు.

అత్తగారు కాలిన దుంప విరిచి, ఊది, మనవరాలి చేతిలో పెట్టింది. "చూడవే, నీకు పనేమీ మిగల్చలేదు."

ఎదెల్మీరా కుప్ప వైపు చూసింది. "ఇందులో ఏది ఏ వరసది నాన్నమ్మా?"

"అన్నీ మనవేగా తల్లీ."

ఆమె అందరూ చూస్తుండగా ఆ దుంప మొత్తం తినేసింది.

జరిగిందేమిటో ఇంటికి వచ్చే దారిలో నేనే అత్తగారికి చెప్పాను. ఆవిడ వెంటనే వెనక్కి తిరిగింది. నేను వెళ్ళి చూసేసరికి కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెద్ద దుంపల్ని ఒక పక్కకి తీస్తోంది. "ఇవి గొర్రె పెంటవే అయ్యుంటాయి కదూ?" అని అడిగింది. ఆవిడని చెయ్యి పట్టి లేపాను.

భోజనాల దగ్గర సతుర్నీనోయే మాట కదిపాడు.

"ఏవో అంకెలు వేసెయ్యమ్మా. వరసకింత అని. ఇంత ఎత్తుకి ఎక్కి ఎవరొచ్చి చూస్తారు?"

"రేపు ఎవరో రైతు ఆ అంకెలు నమ్మి, అప్పు చేసి ఎరువు కొంటాడు నాన్నా."

"మరి ఉద్యోగం?"

ఎదెల్మీరా చెంచా కింద పెట్టింది. అత్తగారు తల ఎత్తలేదు. ఉన్ని ఉండ ఆవిడ ఒళ్ళోనే ఉంది.

"వేరేవాళ్ళని చూసుకోమని రేపు విత్తన కేంద్రం వాళ్ళకి చెప్పేస్తాను. అక్టోబరులో అదే చేలో మళ్ళీ నాటుతాను. తవ్వడానికి మళ్ళీ అందరినీ పిలుద్దాం. ఎవరు ఏ వరస తవ్వాలో, ఎక్కడ పొయ్యాలో నాన్నమ్మ చెబుతుంది. ఈసారి నేను ఆవిడ పక్కనే ఉంటాను."