పశునష్టం: లేదు

సత్తిరాజు టేపురికార్డరు మీట నొక్కి నాలుగు మాటలు విన్నాడు, ఆపాడు, ఆ నాలుగూ టైపు కొట్టాడు, మళ్ళీ నొక్కాడు. పొద్దుట ఎనిమిదింటి నుంచీ ఇదే పని. అమలాపురంలో మండలాఫీసు గోడ పక్కన, చిల్లుల టార్పాలిను కింద అతని బల్ల. బల్ల మీద తెలుగు టైపు మిషను, పక్కనే మడతపెట్టిన నల్ల రెక్సిను తొడుగు. ఇరవై రెండేళ్ళుగా మిషను పిడి లాగి లాగి ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి జారింది. వేళ్ళ కొసలు కాయలు కాశాయి.

అతని పని అర్జీలు కొట్టడం. జనం ఏడుస్తూ వస్తారు. ఆ ఏడుపు అతనికి అక్కర్లేదు. "పేరు, ఊరు, నష్టం. అంతే చెప్పండి," అంటాడు. మిగతాది 'తమ సముఖమునకు విన్నవించుకొనునదేమనగా' అని అతనే అల్లేస్తాడు. తొంభైఆరు తుపాను తర్వాత రెండు నెలల్లో ఆరువందల అర్జీలు కొట్టాడు. అన్నీ ఒకే అర్జీ. భార్య రమణమ్మ పోయిందని తనకోసం కొట్టుకున్నదీ అదే అర్జీ.

ఈ క్యాసెట్లు ఉమాదేవివి. కొత్తపేట అమ్మాయి. విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే చదువుతోంది. తుపాను ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని మాట్లాడించి, ఆ మాటలు రికార్డు చేసింది. లెక్కలూ శాతాలూ కాకుండా, మనిషి చెప్పుకున్న మాటలోంచే మనసును అర్థం చేసుకునే పద్ధతి నేర్చుకుంటున్నానంది. అది చదువెలా అయిందో సత్తిరాజుకి బోధపడలేదు. ఊరి బడిలో ఎనిమిది వరకూ చదివిన అతనికి చదువంటే తప్పుల్లేకుండా రాయడం.

అందుకే మొదటి క్యాసెట్టును అర్జీలా దిద్దేశాడు. 'ఆయ్'లన్నీ తీసేశాడు. 'పోయేడండి' అన్నదాన్ని 'పరమపదించినాడు' చేశాడు. ఉమాదేవి గురువు ఆ కాగితాలన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేసి తిప్పి పంపాడు. ఆ అమ్మాయికీ చీవాట్లు పడ్డాయట. "బాధ కలిగిందా అండీ? భయం వేసిందా అండీ?" అని ఆమె అడగడం, మర్యాదకు లోటు రాకూడదని వాళ్ళు "ఆయ్" అనడం. టేపు పొడుగునా ఆయ్. కోనసీమలో పుట్టి ఆ మాత్రం తెలియలేదు ఆమెకు. మళ్ళీ వెళ్ళి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఒక్కటే అడిగి నోరు మూసుకోమన్నారట.

సత్తిరాజుకీ కొత్త నియమాలు వచ్చాయి. అన్నది అన్నట్టు కొట్టాలి. దగ్గితే దగ్గు. మాట ఆగితే బ్రాకెట్లో మౌనం, ఎన్ని సెకండ్లో అంకె.

"ఊరుకున్నది కూడా కొట్టాలా అమ్మా? ఇన్నేళ్ళూ జనాన్ని ఊరుకోమనే చెప్పేనండి నేను," అన్నాడు.

ఇవాళ్టిది ఆఖరి క్యాసెట్టు. రెండో మాటకే గొంతు గుర్తుపట్టాడు. రాజ్యం. తన ఊరే, తన వీధే. అర్జీకి వచ్చినప్పుడు తప్ప రెండేళ్ళుగా ఆమెతో మాట్లాడలేదు. ఆ మాటకొస్తే ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

తుపాను నాటి పొద్దున, ముసురని ఇంటికి తెచ్చుకున్న మిషనుకి రిబ్బను కొనడానికి బయల్దేరుతూ అతను రమణమ్మతో ఒక మాట అన్నాడు. "నీళ్ళొస్తే మిషను అటకెక్కించు. తడిసిందో, నీ మొహం చూడను." దారులు తెగి మూడోరోజుకి ఇల్లు చేరాడు. సగం ఇల్లు కూలింది. నిలిచిన గదిలో, అటక మీద, గోనెపట్టాలో మిషను పొడిగా ఉంది. రమణమ్మ పంటబోదె కాలవలో దొరికింది. అందరితో పాటు బడిలో తలదాచుకున్న మనిషి సాయంత్రం గాలిలో మళ్ళీ బయటికి వెళ్ళిందన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. అటకను చూశాక అడిగేదేముంది? బడిలో ఆమె పక్కనే కూర్చుని వెళ్ళనిచ్చిన రాజ్యాన్ని క్షమించలేదు. తనను అసలే క్షమించుకోలేదు.

అప్పటి నుంచీ రోజూ సాయంత్రం మిషనుకి తొడుగు వేసి రెండు ముళ్ళు బిగిస్తున్నాడు. ఆమె ప్రాణం పెట్టి కాపాడిన దాన్ని తడిపే హక్కు తనకు లేదు.

"ఒదిన్ని నేనే పంపేనండి," అంది టేపులో రాజ్యం.

ఆపాడు. కొట్టాడు. నొక్కాడు.

"బడికొచ్చేముందే ఆ మిషను అటకెక్కించేసిందండి. గోనె చుట్టి, తాడు కట్టి, 'ఇంక మా ఆయన తిట్టడానికేం మిగల్లేదొదినా' అని నవ్విందండి. బడికొచ్చేక, నా గేదె కొట్టంలో ఉండిపోయిందని నేను ఏడుస్తున్నానండి. ఒళ్ళో నెలపిల్ల. 'నువ్వు కూకో, తాడు కోసేసి వచ్చేస్తాను' అందండి. నేను వద్దనలేదండి. గేదె నాలుగోనాడు దానంతటది ఇంటికొచ్చేసింది. ఒదిన రాలేదు. అన్నయ్యగారికి చెబుదామనే అర్జీకి ఎళ్ళేనండి. నష్టం ఒక్కటే చెప్పమన్నారు."

ఆ అర్జీ అతనికి గుర్తుంది. ఆ వీధిలో ప్రతి ఇంటా పశువులు పోయాయి. రాజ్యం అర్జీలో మాత్రం 'పశునష్టం: లేదు' అని ఈ వేళ్ళతోనే కొట్టాడు. ఆమె బల్ల ముందు నుంచి కదలకుండా ఇంకేదో చెప్పబోయింది. వెనకవాళ్ళను రమ్మన్నాడు.

మీటల మీద వేళ్ళు అలాగే ఉండిపోయాయి. తర్వాత మళ్ళీ కదిలాయి. పేజీ పూర్తిచేసి టిఫిను డబ్బా తెరిచాడు. రోజూ సగం కుక్కకు పెట్టే పెరుగన్నం ఇవాళ మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పోయిన మనిషి పోయే ఉంది. అయినా ఇంత ఆకలి వేసినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే డబ్బా కడుక్కున్నాడు.

మూడింటికి ఉమాదేవి వచ్చింది. సాయంత్రం బస్సుకి విశాఖపట్నం వెళ్ళిపోవాలి. టేపు పెట్టుకుని, పెన్సిలుతో వరసవరసా సరిచూసింది.

"బాబాయిగారూ, ఇక్కడ మౌనం, నలభై సెకండ్లు అని కొట్టేరు. టేపులో ఆవిడ ఎక్కడా ఆగలేదు కదండీ."

"ఆవిడది కాదమ్మా. నాది."

ఉమాదేవి ఏదో అడగబోయింది. పెన్సిలు కింద పెట్టేసింది. బెంచీ మీద ఊరికే కూర్చుంది. అంబాజీపేట వైపు వెళ్ళే కొబ్బరికాయల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము అణిగాక సత్తిరాజు తనంతట తానే మొదలుపెట్టాడు. పొద్దుటి మాట చెప్పాడు. అటక సంగతి చెప్పాడు. రెండు ముళ్ళ సంగతి చెప్పాడు. ఆమె రికార్డరు ముట్టుకోలేదు.

"గేదె కోసం ఎళ్ళిందటమ్మా," అన్నాడు చివరికి. "దీని కోసం కాదు."

ఆ మౌనాన్ని కొట్టెయ్యమంటారా అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. టైపు చేసినవారిది అని పక్కన పెన్సిలుతో రాసుకుని, కాగితాలూ క్యాసెట్లూ సంచిలో సర్దుకుంది.

సత్తిరాజు కూడా లేచాడు. ఇంతకాలంలో నాలుగింటికి లేవడం ఇదే మొదలు. రాజ్యం ఇంటికి వెళ్ళి ఏమనాలో అతనికి తెలియదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమ్మా అని, నోరు మూసుకుని కూర్చుంటే చాలనుకున్నాడు. తూర్పున మబ్బు దిగుతోంది.

"వానొచ్చేలా ఉందండి. మిషనుకి తొడుగు వెయ్యలేదు," అంది ఉమాదేవి.

"తడవనీండమ్మా."

అతను ఎక్కిన ఊరి బస్సు మండలాఫీసు ముందు నుంచే మలుపు తిరిగింది. కిటికీలోంచి చూశాడు. టార్పాలిను చిల్లుల్లోంచి కారిన చినుకులు మిషను మీటల మీద పడుతున్నాయి. నల్ల తొడుగు వేసిన మడత వేసినట్టే దాని పక్కన ఉంది.