సీటు వీపు మీద కూర్చునేవాళ్లు

ఎవేలియో సీట్లు కుట్టే మా షెడ్డు ముందు కారు ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. యాభై నాలుగు మోడలు షెవ్రొలే, టాపు వెనక్కి మడిచేది, పండగలకి అద్దెకి తిప్పుతాడు. మూడేళ్లపాటు రేకు కొట్టించి, ఇంజను విప్పి బిగించి, లేత ఆకుపచ్చ రంగు వేయించాడు. హవానాలో మా సెర్రో పేటలో ఆ కారుని మెచ్చుకోనివాళ్లు లేరు. ఆ రోజు మాత్రం వెనక సీటు మీద దుప్పటి కప్పి తెచ్చాడు.

"ఏంటయ్యా, శవాన్ని గానీ తెచ్చావా?" అన్నాను.

"అంతకంటే ఘోరం ఎనెదీనా అక్కా. నువ్వే చూడు."

దుప్పటి లాగితే, సీటు వీపు నడిమికి విరిగి ఉంది.

శనివారం యిసెల్ అనే పిల్లకి పదిహేనేళ్లు నిండిన పండగట; ఇక్కడ ఆడపిల్లకి అది పెళ్లంత. నీలం గౌను వేసుకుని, ఫోటోల కోసం అందరు పిల్లల్లాగే సీటు వీపెక్కి కూర్చుంది. కారు కదిలిందో లేదో, ఫటేల్! పిల్ల వెల్లకిలా టాపు మడిచే గుంటలో పడింది. కాళ్లు ఆకాశానికి, గౌను కుచ్చిళ్లు మొహం మీదికి. వీధి వీధంతా చూసింది. దెబ్బలేం తగల్లేదు గానీ, అప్పట్నుంచి పిల్ల బయటికి రావట్లేదు. ఎవేలియో పేరెత్తితే వాళ్లమ్మ చెప్పు తీస్తోంది.

"సీటున్నది కూర్చోడానికి గానీ వీపెక్కడానికా అక్కా?"

"హవానాలో పదిహేనేళ్ల పిల్ల ఎవతైనా కింద కూర్చుంటుందా? నీకు సీటు కుట్టినవాడు ఈ ఊళ్లో పుట్టలేదా?"

"ఓ చెక్క పెట్టి మేకులు కొట్టెయ్. రేపటికి అయిపోవాలి."

నేను టాపు మడవమన్నాను. మడిచాడు. టాపుని మోసే ఇనప చెయ్యి దిగుతూ సీటు పక్కనున్న అట్ట ప్యానెల్‌ని బర్రుమని గీసుకుంటూ పోయింది.

"విన్నావా? ఈ సీటు టాపు తెరుచుకోని కారుది. వెడల్పెక్కువ. దీన్ని ఇందులో ఇరికించాలని ప్యానెళ్లని పక్కకి నెట్టేశారు. ఇంకో నెల తిరిగితే ఆ రెండూ చిరుగుతాయి. మొత్తం ఊడదీస్తాను."

"మొత్తమా!"

"మొత్తం. ఇష్టం లేకపోతే దుప్పటి కప్పుకుని పట్టుకుపో."

అతను తాళాలు నా చేతిలో పెట్టి, మొహం వేలాడేసుకుని బస్సు కోసం నడిచాడు.

చెప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కుట్టాను. కారు సీట్లు కుట్టడం మొదలుపెట్టి పన్నెండేళ్లు. తోలు దేనికి సాగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో నా వేళ్లకి తెలుసు. ముందు వీపుకి ఈ కారు వెడల్పుకి తగ్గ చట్రం చేశాను. పైఅంచుకి పాత తలుపులోంచి కోసిన దేవదారు చెక్క పెట్టి, రెండు చివర్లా కారు ఒంటికే బోల్టులు బిగించాను. ప్యానెళ్లకి కొత్త అట్ట కోసి, వంపు దగ్గర తడిపి, గ్యాసు సిలిండరుకి కట్టి ఎండబెట్టాను. స్క్రూ కంతలు ఎక్కడెక్కడ రావాలో తెలియడానికి కారు వైపు కంతల చుట్టూ నా లిప్‌స్టిక్ పూసి, అట్టని ఆనించి నొక్కాను. ఎర్రటి సున్నాలు సరిగ్గా అచ్చుపడ్డాయి. ప్యానెళ్లు ముందు, వీపు తర్వాత, కూర్చునే దిండు ఆఖర్న. ఒక్కోటి బిగించినప్పుడల్లా టాపు ఎత్తి, దించి చూశాను. ఎనిమిదో రోజుకి ఇనప చెయ్యి చప్పుడు లేకుండా దిగింది. దానికీ ప్యానెల్‌కీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది.

ఎవేలియో వచ్చేసరికి, రొట్టెల కోసం వరసలో నిలబడ్డ ముగ్గురు భారీ ఆడవాళ్లని పిలిచి సీటు వీపు మీద కూర్చోబెట్టి ఉన్నాను.

"ఊగండమ్మా, మొహమాటపడకండి!"

వాళ్లు ఊగారు. కారు స్ప్రింగులు మూలిగాయి గానీ వీపు కిక్కురుమనలేదు. ఎవేలియో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడవడం తర్వాత. ముందు ఆ పిల్ల ఇంటికి పద."

యిసెల్ మేడ మీద కిటికీ కొంచెం తెరిచింది. "నేను ఎక్కను! చచ్చినా ఎక్కను!" అని అరిచింది. వాళ్లమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని ఎవేలియో వంకే చూస్తోంది. అతను కారు పక్కకి నక్కాడు.

నేను బతిమాలలేదు. జిగురు మరకల ఏప్రనుతోనే వీపెక్కి కాళ్లు చాపుకుని, "పోనీ" అన్నాను. అతను మెల్లిగా వీధి చుట్టూ తిప్పాడు. నేను రాణీగారిలా రెండు చేతులూ ఊపాను.

అరుగు మీద డామినోలు ఆడుతున్న కుర్రాడొకడు, "మామ్మగారికి పదిహేనేళ్లొచ్చాయిరోయ్!" అని కేకేశాడు.

"వచ్చాయిరా! నాలుగోసారి!" అన్నాను.

వీధంతా గొల్లున నవ్వింది. నవ్వుల్లో ఒకటి కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. రెండో చుట్టు తిరిగొచ్చేసరికి యిసెల్ గుమ్మంలో ఉంది. గౌను లేదు, నిక్కరూ రబ్బరు చెప్పులూ. వాళ్లమ్మ పక్కకి జరిగి దారిచ్చింది.

"నువ్వు కూడా నా పక్కనే కూర్చుంటావా?" అని అడిగింది పిల్ల.

"నేను కుట్టిన సీటు. నన్ను దింపేవాడెవడు?"

ఎక్కింది. మొదట నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సముద్రం రోడ్డుకి చేరేసరికి వదిలేసింది. అలలు ఒడ్డు గోడ మీంచి ఎగిరి మా మీద జల్లు కొడుతుంటే, నా చెవి దగ్గర అరిచింది: "నిలబడొచ్చా?"

"సీటు మీద నిలబడు తల్లీ. చెప్పులు మాత్రం విప్పు."